486లో సౌండ్ రావట్లేదు, 16 ఎంబీ ఉన్నా మెమరీ చాలట్లేదు అంటోంది

అరండల్‌పేట_శ్రీను
అందరికీ నమస్తే. విజయవాడ ఆటోనగర్‌లో తుక్కు కొనే ఒకాయన దగ్గర పాత 486 కంప్యూటర్ దొరికింది. డీఎక్స్4-100 ప్రాసెసర్, 16 ఎంబీ ర్యామ్, 420 ఎంబీ హార్డ్ డిస్క్, ఐడీఈ సీడీ డ్రైవ్. డాస్ 6.22 (కమాండ్లు టైప్ చేసి నడిపే పాత ఆపరేటింగ్ సిస్టమ్) నేనే వేశాను, బాగానే లేస్తోంది. లోపల ఒక సౌండ్ కార్డు ఉంది, పెద్ద చిప్ మీద ఈఎస్‌ఎస్ ఈఎస్1868 అని ఉంది. దాని పక్కన ఇంకో పొడుగు కార్డు ఉంది, అదేంటో తెలీదు.

రెండు సమస్యలు. ఒకటి, ఏ ఆటలోనైనా సౌండ్ బ్లాస్టర్ అని ఎంచుకుంటే చప్పుడే ఉండదు. రెండోది, ఒక ఆట 590 కేబీ ఖాళీ కావాలంటోంది. మెమ్ అనే కమాండ్ కొడితే 508 కేబీ చూపిస్తోంది. 16 ఎంబీ పెట్టుకుని 590 కేబీకి ఈ ఏడుపేంటి?

డాస్ లేచేటప్పుడు చదివే నా కాన్ఫిగ్.సిస్ ఫైలు ఇది (తెలుగులో రాస్తున్నా, మెషీన్‌లో ఇంగ్లిషే):

డివైస్=సీ:\డాస్\హైమెమ్.సిస్
డాస్=హై
ఫైల్స్=40
బఫర్స్=30
డివైస్=సీ:\సీడీ\ఓక్‌సీడీరామ్.సిస్ /డీ:ఎంఎస్‌సీడీ001

దాని తర్వాత నడిచే ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ఎంఎస్‌సీడీఈఎక్స్ (సీడీకి), స్మార్ట్‌డ్రైవ్ (డిస్క్ వేగానికి), మౌస్.కామ్, ఈ మూడే.

డాస్‌బాక్స్_చాలు
ల్యాప్‌టాప్‌లో పాత డాస్ ఆటలు నడిపే డాస్‌బాక్స్ వేసుకో తమ్ముడూ. రెండు నిమిషాల పని. కరెంటు బిల్లు కూడా కలిసొస్తుంది.

అరండల్‌పేట_శ్రీను
అది ఉందన్నా. ఈ డబ్బాతోనే ఆడాలని నా సరదా.

ఏలూరురోడ్డు_386
శ్రీనూ, సౌండు సంగతి తర్వాత. ముందు మూత తీసి మదర్‌బోర్డు మీద బ్యాటరీ చూడు. 486 బోర్డుల్లో చాలావాటికి నీలం రంగులో గుండ్రటి నికెల్-కాడ్మియం బ్యాటరీని బోర్డుకే సోల్డర్ చేసేవారు. అది కారితే కీబోర్డు సాకెట్ దగ్గర్నుంచి ట్రాకులన్నీ తినేస్తుంది. మన కోస్తా ఉక్కకి ఇంకా తొందరగా. పచ్చగా బూజులాంటిది కనిపిస్తే ఇంకో సారి ఆన్ చెయ్యకుండా బ్యాటరీ కత్తిరించెయ్. ఆ చోట కాస్త వెనిగర్ రాసి, నీళ్లతో తుడిచి, మొబైల్ రిపేర్ వాళ్ల దగ్గర దొరికే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో మళ్లీ తుడువు. పూర్తిగా ఆరాకే పవర్ ఇవ్వాలి.

బ్యాటరీ లేకపోయినా మెషీన్ నడుస్తుంది. సెట్టింగులు, టైము మర్చిపోతుంది, అంతే. బయటి బ్యాటరీకి పిన్నులుంటే తర్వాత పెట్టుకోవచ్చు.

అరండల్‌పేట_శ్రీను
మాస్టారూ, చూశాను. నీలం బ్యాటరీయే. కాళ్ల దగ్గర కొంచెం పచ్చదనం ఉంది, ట్రాకులు బాగానే ఉన్నట్టున్నాయి. కత్తిరించి తుడిచేశాను. కీబోర్డు కింద మాత్రం అర గుప్పెడు దుమ్ము వచ్చింది, ఎర్రగా. మా గుంటూరు కారమేనేమో అనిపించింది కానీ మెషీన్ బెజవాడది కదా.

కృష్ణలంక_రేణుక
శ్రీను గారూ, సౌండ్ విషయం నేను చెప్తాను. మీ కార్డు పాడైపోలేదు, నిద్రపోతోంది.

తొలినాటి సౌండ్ బ్లాస్టర్ కార్డుల మీద జంపర్లు (పిన్నుల్ని కలిపే చిన్న తొడుగులు) ఉండేవి. పోర్టు (ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే చిరునామా), ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే గంట), డీఎంఏ (మెమరీ నుంచి కార్డుకి నేరుగా డేటా మోసే దారి) ఏంటో జంపర్‌తో పెడితే పవర్ రాగానే కార్డు అక్కడే సిద్ధంగా ఉండేది. 1993లో ఐఎస్ఏ (ఆ కాలపు కార్డు స్లాటు) ప్లగ్ అండ్ ప్లే ప్రమాణం వచ్చాక జంపర్లు పోయాయి. ఈఎస్1868 ఆ రకం. ఎవరో ఒకరు లేపి, నీ పోర్టు ఇది, నీ ఐఆర్‌క్యూ ఇది అని చెప్పేదాకా కార్డు నోరు విప్పదు. ఆ పని బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రామ్) చెయ్యాలి, లేకపోతే విండోస్ 95 లాంటి సిస్టమ్ చెయ్యాలి. మీ 486 బయోస్‌కి ప్లగ్ అండ్ ప్లే తెలిసి ఉండదు. డాస్ అసలు పట్టించుకోదు.

దీనికి యూనిసౌండ్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. క్రియేటివ్, ఈఎస్‌ఎస్, యమహా, క్రిస్టల్ చిప్‌లున్న చాలా ఐఎస్ఏ కార్డుల్ని అది లేపుతుంది. పని చేసి వెళ్లిపోతుంది, మెమరీలో ఒక్క బైటు కూడా పట్టుకుని కూర్చోదు. అందుకే కార్డుతో వచ్చే అసలు డ్రైవర్ల కన్నా నాకు ఇదే ఇష్టం. ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ముందు ఈ లైను, దాని కింద యూనిసౌండ్ పిలుపు:

సెట్ బ్లాస్టర్=ఏ220 ఐ5 డీ1 పీ330 టీ4

ఏ అంటే పోర్టు అడ్రసు, ఐ అంటే ఐఆర్‌క్యూ, డీ అంటే డీఎంఏ ఛానెల్, పీ అంటే మిడి పోర్టు, టీ అంటే కార్డు రకం. సౌండ్ బ్లాస్టర్ 16కి టీ6, హెచ్5 అని రాస్తారు. చాలామంది ఆ లైనే కాపీ చేసి తగిలించేస్తారు. మీకు అది పనికిరాదు. ఈఎస్1868 అనుకరించేది సౌండ్ బ్లాస్టర్ ప్రోని. అది 8 బిట్ కార్డు. 16 బిట్ శబ్దం ఈ చిప్‌కి చేతనవును గానీ తన సొంత పద్ధతిలోనే. కాబట్టి ఆట సెటప్‌లో సౌండ్ బ్లాస్టర్ ప్రో ఎంచుకోండి. 16 ఎంచుకుంటే కార్డు లేచి ఉన్నా లాభం లేదు.

మంగళగిరి_మామ
ఐఆర్‌క్యూ 7 కదా సౌండ్ బ్లాస్టర్‌ది? మా కాలంలో అన్ని ఆటలూ 220, 7, 1 అనేవి.

కృష్ణలంక_రేణుక
మొదటి కార్డులకి 7 అలవాటు మామయ్యా, నిజమే. 7 ప్రింటర్ పోర్టుది కూడా. డాస్‌లో ప్రింటింగ్ సాధారణంగా ఇంటరప్ట్ మీద ఆధారపడదు, అందుకే ఆ రోజుల్లో గొడవ లేకుండా గడిచిపోయింది. తర్వాతి కార్డులు 5కి మారాయి. 5 రెండో ప్రింటర్ పోర్టుది. ఇళ్లలో రెండు ప్రింటర్లు ఎవరికున్నాయి?

మిగతావి ముట్టుకోవద్దు. 3, 4 సీరియల్ పోర్టులవి, 6 ఫ్లాపీది, 14 హార్డ్ డిస్క్‌ది, రెండో ఐడీఈ కేబుల్ మీద సీడీ డ్రైవ్ ఉంటే 15 దానిది.

అరండల్‌పేట_శ్రీను
రేణుక గారూ, యూనిసౌండ్ వేశాను, కార్డు దొరికిందని చెప్పింది. ఇప్పుడు మ్యూజిక్ వస్తోంది!! కానీ తుపాకీ పేల్చినా, తలుపు తెరిచినా చప్పుడు లేదు. ఒక్కోసారి "ధ" అని మొదలై "ధధధధధ" అంటూ అక్కడే ఇరుక్కుపోతోంది. అప్పుడు రీసెట్ కొట్టాల్సిందే.

కృష్ణలంక_రేణుక
ఈ లక్షణం చాలా మంచిది. తప్పు ఎక్కడుందో అదే చెప్తోంది.

మ్యూజిక్ వచ్చేది కార్డులో స్వరాలు పుట్టించే ఎఫ్‌ఎం భాగం నుంచి. దానికి ఐఆర్‌క్యూ అక్కర్లేదు, డీఎంఏ అక్కర్లేదు. ప్రాసెసర్ 388 పోర్టుకి స్వరాలు రాస్తుంది, చిప్ పాడుతుంది. కాబట్టి మ్యూజిక్ ఒక్కటే వస్తోందంటే కార్డు లేచిందని మాత్రమే తెలుస్తుంది. ఐఆర్‌క్యూ, డీఎంఏ సరిగ్గా ఉన్నాయని కాదు.

తుపాకీ చప్పుడు రికార్డు చేసిన శబ్దం. దాన్ని మెమరీలోంచి కార్డుకి మోసేది డీఎంఏ. ఒక ముక్క వాయించడం అయిపోగానే "అయిపోయింది, తర్వాతది ఇవ్వు" అని కార్డు ఐఆర్‌క్యూ మోగిస్తుంది. డీఎంఏ ఛానెల్ తప్పైతే మామూలుగా అసలు చప్పుడే రాదు. డీఎంఏ సరై ఐఆర్‌క్యూ తప్పైతే మొదటి ముక్క వస్తుంది, తర్వాతది ఇవ్వమన్న కబురు ఆటకి చేరదు, అదే ముక్క తిరుగుతూ ఉంటుంది. మీ "ధధధధ" అదే.

కాబట్టి ఆట సెటప్ తెరిచి ఐఆర్‌క్యూ ఎంత ఉందో చూడండి. 7 ఉంటుందని నా అనుమానం. కొన్ని ఆటలు బ్లాస్టర్ లైను చదవవు, తమ సెటప్ ఫైల్లో ఉన్నదే నమ్ముతాయి.

అరండల్‌పేట_శ్రీను
7 ఉంది అక్కా. 5కి మార్చగానే తుపాకీ పేలింది. ఇంట్లోవాళ్లు పక్క గదిలోంచి వచ్చారు.

పాతప్రెస్
శ్రీను గారు, ఆ పొడుగు కార్డు మీద సీ-డాక్ అనో, జిస్ట్ అనో రాసి ఉందేమో చూడండి. గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో చాలా కాలం పని చేశాను. అక్కడి మెషీన్ అయ్యుంటుందని నా ఊహ.

అరండల్‌పేట_శ్రీను
అవునండీ! జిస్ట్ అనే ఉంది. అంటే ఏంటది?

పాతప్రెస్
డాస్‌లో తెలుగు రాయించిన కార్డు అది. కాన్పూర్ ఐఐటీలో ఆ పరిశోధన మొదలైంది, తర్వాత పుణెలో సీ-డాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వాళ్లు కార్డుగా తెచ్చారు. స్లాటులో పెడితే డీబేస్, వర్డ్‌స్టార్ లాంటి మామూలు ఇంగ్లిష్ ప్రోగ్రాముల్లోనే తెలుగు అక్షరాలు వచ్చేవి. ప్రోగ్రామ్‌కి తాను తెలుగు చూపిస్తున్నానని తెలిసేది కాదు. అక్షరాలకి అంకెలిచ్చే ఆ పద్ధతిని ఇస్కీ కోడు అనేవాళ్లం, 1991లో అది ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణం అయింది. ఈ రోజు యూనికోడ్‌లో మన తెలుగు అక్షరాల వరస దాని పాత రూపాన్ని పట్టుకునే వచ్చింది. భారతీయ భాషల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా ఆ కాలందే. చిరునామాల జాబితాలు, చందాదారుల పట్టికలు దీని మీద చేసేవాళ్లం. పుస్తకాల పేజీలకి మాత్రం తర్వాత విండోస్, పేజ్‌మేకర్ వచ్చాకే సుఖం. దయచేసి దాన్ని తుక్కులో వెయ్యకండి.

కృష్ణలంక_రేణుక
భలే వస్తువు దొరికింది! శ్రీను గారూ, జాగ్రత్తగా తీసి యాంటీస్టాటిక్ కవర్‌లో పెట్టండి. మెమరీ పని మొదలుపెట్టే ముందు తీయడమే మంచిది, ఎందుకో మాస్టారు చెప్తారు.

ఏలూరురోడ్డు_386
చెప్తాను. కొంచెం పొడుగవుతుంది.

నీ "16 ఎంబీ ఉన్నా" అన్న ప్రశ్నకి జవాబు మొదటి పీసీ ప్రాసెసర్ 8088లో ఉంది. దానికి 20 అడ్రస్ లైన్లు, అంటే మొత్తం 1 ఎంబీ. ఐబీఎం వాళ్లు అందులో కింది 640 కేబీ ప్రోగ్రాములకి ఇచ్చి, పై 384 కేబీ స్క్రీన్‌కి, రోమ్‌లకి (చెరగని మెమరీ చిప్‌లు), కార్డులకి ఉంచారు. డాస్ ప్రోగ్రాములు ఆ కొలతకే రాశారు. తర్వాత 386 వచ్చినా, 486 వచ్చినా, పక్కన ఎన్ని ఎంబీలు పెట్టినా మామూలు డాస్ ప్రోగ్రామ్ ఉండేది ఆ 640లోనే. పల్లెలో పదెకరాలున్నా బెజవాడలో ఉన్నది ఒకటే గది అన్నట్టు. నీ డ్రైవర్లన్నీ మంచాలేసుకుని ఆ గదిలోనే పడుకున్నాయి.

వాటిని పైకి పంపాలి. పైన 384 కేబీలో అంతా నిండి ఉండదు. ఏ000 (ఇవన్నీ హెక్స్‌లో మెమరీ చిరునామాలు) నుంచి స్క్రీన్, సీ000 నుంచి 32 కేబీ వీజీఏ (స్క్రీన్ కార్డు) బయోస్, ఎఫ్000 నుంచి సిస్టమ్ బయోస్. మధ్యలో సీ800 నుంచి ఈఎఫ్‌ఎఫ్‌ఎఫ్ దాకా 160 కేబీ సాధారణంగా ఖాళీ. అక్కడ ర్యామ్ ఉన్నట్టు భ్రమ కల్పించేది ఈఎంఎం386. జిస్ట్ కార్డు ఎందుకు తీయమన్నామంటే, ఏ ఐఎస్ఏ కార్డైనా ఆ మధ్య జాగాలో తన మెమరీ పెట్టుకోవచ్చు. రోమ్ ఉంటే దాని మొదట్లో ఉండే గుర్తు చూసి ఈఎంఎం386 తప్పుకుంటుంది. ర్యామ్ పెట్టుకున్న కార్డులు దాని కళ్లకి ఒక్కోసారి ఆనవు, అప్పుడు మెషీన్ బిగుసుకుపోతుంది. కార్డు తిరిగి పెట్టేటప్పుడు డాస్‌తో వచ్చిన ఎంఎస్‌డీ అనే ప్రోగ్రామ్‌లో మెమరీ మ్యాప్ చూసి, ఆ జాగాని ఈఎంఎం386 లైనులో ఎక్స్= అని రాసి వదిలెయ్యొచ్చు.

ఇప్పుడు ఇలా మార్చు:

డివైస్=సీ:\డాస్\హైమెమ్.సిస్ /టెస్ట్‌మెమ్:ఆఫ్
డివైస్=సీ:\డాస్\ఈఎంఎం386.ఈఎక్స్‌ఈ నోఈఎంఎస్
డాస్=హై,యూఎంబీ
డివైస్‌హై=సీ:\సీడీ\ఓక్‌సీడీరామ్.సిస్ /డీ:ఎంఎస్‌సీడీ001

వరస ముఖ్యం. 1 ఎంబీ పైన మెమరీని అందించే హైమెమ్ లేకుండా ఈఎంఎం386 లేవదు, అది లేకుండా యూఎంబీలు (ఆ 384 కేబీలో దొరికే ఖాళీ ముక్కలు) లేవు. ఆటోఎగ్జెక్‌లో ప్రతి దాని ముందు ఎల్‌హెచ్ (పైకి ఎక్కించమని) పెట్టు. పెద్దవి ముందు ఎక్కించు, చిన్నవి చివర. లోడయ్యేటప్పుడు ప్రోగ్రామ్‌కి తాను చివరికి పట్టుకునే జాగా కంటే ఎక్కువ కావాల్సి వస్తుంది, అదీ ఒకే తునకగా. చిన్నవి ముందెక్కి తునకలు చేస్తే పెద్దది కిందే దిగిపోతుంది, అదేమీ చెప్పదు కూడా. మెమ్ /సీ /పీ కొట్టి ఎవరు ఎక్కడున్నారో చూసుకో.

మంగళగిరి_మామ
ఇంత చదువెందుకు? మెమ్‌మేకర్ అని కొట్టు, అదే రెండుసార్లు రీబూట్ చేసి అన్నీ సర్దేస్తుంది. డాస్ 6తో ఉచితంగా ఇచ్చారు కదా.

ఏలూరురోడ్డు_386
ఇచ్చారు. మామూలు ఆఫీసు మెషీన్‌కి అది చాలు. కానీ కాన్ఫిగ్.సిస్‌లో మెనూ ఉంటే దానికి అర్థం కాదు, ప్రతి ఎంపికనీ విడదీసి మళ్లీ కలపాలి. పైగా అది రాసే /ఎల్, /ఎస్ అంకెలు ఈ రోజు ఉన్న డ్రైవర్లకి మాత్రమే. రేపు మౌస్ డ్రైవర్ మారిస్తే పాత లెక్కలు అలాగే ఉంటాయి.

కృష్ణలంక_రేణుక
నాదీ అదే మాట. అసలు డ్రైవర్లని పైకి మోసేకన్నా చిన్న డ్రైవర్లు వెయ్యడం తేలిక. ఓక్‌సీడీరామ్ దగ్గర దగ్గర 35 కేబీ తింటుంది. వీఐడీఈ-సీడీడీ.సిస్ 5 కేబీలో అదే పని చేస్తుంది. ఎంఎస్‌సీడీఈఎక్స్ బదులు ఫ్రీడాస్‌తో (డాస్‌కి ఉచిత ప్రత్యామ్నాయం) వచ్చే ఎస్‌హెచ్‌ఎస్‌యూసీడీఎక్స్ వాడొచ్చు, మౌస్.కామ్ బదులు క్యూట్‌మౌస్, అది 3 కేబీ చిల్లర. ఎంఎస్‌సీడీఈఎక్సే ఉంచుకుంటే దాని లైనులో /ఎం:10 లాంటిది ఉంటే తగ్గించండి, ఒక్కో బఫర్ 2 కేబీ. ఈ మూడూ మారిస్తే పైన జాగా కోసం కొట్లాటే ఉండదు.

అరండల్‌పేట_శ్రీను
చెప్పినవన్నీ చేశాను. మెమ్ ఇప్పుడు 617 కేబీ చూపిస్తోంది! ఆ 590 ఆట నడిచింది. ఇంకో ఆట మాత్రం ఈఎంఎస్ కావాలంటోంది, వేరేది ఈఎంఎం386 ఉంటే నడవనంటోంది. ఇదెక్కడి గొడవ?

ఏలూరురోడ్డు_386
ఇద్దరూ న్యాయమే అడుగుతున్నారు. ఈఎంఎస్ అంటే 1 ఎంబీకి పైన ఉన్న మెమరీలోంచి 16 కేబీ పేజీల్ని 64 కేబీ కిటికీలో మార్చి మార్చి చూపించే పద్ధతి. నోఈఎంఎస్ అంటే ఆ కిటికీ మూసి 64 కేబీ డ్రైవర్లకి ఇచ్చినట్టు. కావాలంటే నోఈఎంఎస్ తీసి ర్యామ్ అని రాయి, కిటికీ వస్తుంది, పైన జాగా తగ్గుతుంది.

రెండో ఆట సంగతి వేరు. ఈఎంఎం386 ఉంటే ప్రాసెసర్ వర్చువల్ 8086 మోడ్‌లో నడుస్తుంది, ఇంటి తాళాలు ఈఎంఎం386 చేతిలో ఉంటాయి. ఆ ఆట తానే నేరుగా ప్రొటెక్టెడ్ మోడ్‌కి (మెమరీ అంతా అందే మోడ్) వెళ్లి మెమరీ పట్టుకోవాలనుకుంటుంది. అల్టిమా 7 అలాంటిదే, దాని మెమరీ మేనేజర్‌కీ ఈఎంఎం386కీ పడదు. అలాంటివాటికి హైమెమ్ ఒక్కటే ఉంచాలి.

మూడు రకాలకీ మెనూ పెట్టుకో. కాన్ఫిగ్.సిస్ మొదట్లో చదరపు బ్రాకెట్లలో మెనూ అని రాసి, కింద మెనూఐటెమ్=ఆటలు, మెనూఐటెమ్=ఈఎంఎస్, మెనూఐటెమ్=ఖాళీ. ఒక్కోదానికి ఒక్కో భాగం. అందరికీ కావాల్సిన ఫైల్స్, బఫర్స్ లాంటివి కామన్ అన్న భాగంలో. ఆటోఎగ్జెక్‌లో గోటూ %కాన్ఫిగ్% అని రాస్తే ఎంచిన దానికే దూకుతుంది. పేర్లు ఇంగ్లిషులో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టు. ఏదైనా తేడా కొడితే "స్టార్టింగ్ ఎంఎస్-డాస్" అన్నప్పుడు ఎఫ్8 నొక్కు, లైను లైనుకీ అడుగుతుంది. ఎఫ్5 నొక్కితే అన్నీ వదిలేసి లేస్తుంది.

డాస్‌బాక్స్_చాలు
నేను ఊరికే అన్నాను గానీ ఈ థ్రెడ్ మొత్తం చదివాను. బీ000 నుంచి బీ7ఎఫ్‌ఎఫ్ దాకా కూడా వాడొచ్చంటారే, నిజమేనా?

కృష్ణలంక_రేణుక
అది బ్లాక్ అండ్ వైట్ మోనో కార్డుల జాగా. కలర్ వీజీఏ మామూలుగా దాన్ని ముట్టుకోదు. ఈఎంఎం386 లైనులో ఐ=బీ000-బీ7ఎఫ్‌ఎఫ్ అని రాస్తే 32 కేబీ వస్తుంది. కొన్ని ఎస్‌వీజీఏ కార్డులు అక్కడ చెయ్యి పెడతాయి, అప్పుడు స్క్రీన్ మీద చెత్త వస్తుంది. 617 ఉన్నవాళ్లకి అవసరం లేదు.

అరండల్‌పేట_శ్రీను
మెనూ పనిచేస్తోంది. మూడు రకాల ఆటలూ నడిచాయి. కానీ ఒక వింత. నిన్నటిదాకా బాగా నడిచిన 80ల నాటి చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఇప్పుడు "ప్యాక్డ్ ఫైల్ ఈజ్ కరప్ట్" అంటోంది. ఫ్లాపీ నుంచి మళ్లీ కాపీ చేశాను, అదే మాట.

ఏలూరురోడ్డు_386
హహ. ఫైలు బాగానే ఉంది. నువ్వు మరీ ఎక్కువ ఖాళీ చేశావు!

ఆ కాలంలో ప్రోగ్రాముల్ని ఎగ్జ్‌ప్యాక్‌తో కుదించేవాళ్లు. దాన్ని విప్పే కోడులో ఒక లోపం ఉంది, మెమరీలో మొదటి 64 కేబీ లోపల లోడైతే లెక్క తప్పుతుంది. డ్రైవర్లు కింద ఉన్నంత కాలం ప్రోగ్రాములు ఆ గీత దాటాకే లోడయ్యేవి, బయటపడలేదు. మైక్రోసాఫ్ట్ వాళ్లకీ ఇది తెలుసు, అందుకే డాస్‌లోనే మందు ఇచ్చారు. ప్రోగ్రామ్ పేరు ముందు లోడ్‌ఫిక్స్ అని కొట్టు.

అరండల్‌పేట_శ్రీను
నడిచింది మాస్టారూ!

చివరిగా ఒకటి. ఒక ఆట సీడీ పెడితే ఆట చప్పుళ్లు వస్తున్నాయి, సీడీలోని పాటలు మాత్రం రావట్లేదు. డ్రైవ్ ముందున్న హెడ్‌ఫోన్ రంధ్రంలో మాత్రం వినిపిస్తున్నాయి.

కృష్ణలంక_రేణుక
అయితే డ్రైవర్లన్నీ సరే. సీడీ పాటలు డేటా కేబుల్‌లో రావు, డ్రైవే వాటిని అనలాగ్‌గా మార్చి వెనక నాలుగు పిన్నుల సాకెట్‌లోంచి పంపుతుంది. అక్కడ్నుంచి సౌండ్ కార్డు మీద సీడీ-ఇన్‌కి సన్నటి కేబుల్ వేరుగా ఉండాలి. మీ డబ్బాలో అది పోయి ఉంటుంది. కేబుల్ పెట్టాక కూడా రాకపోతే మిక్సర్‌లో సీడీ వాల్యూమ్ సున్నాలో ఉందేమో చూడండి.

పాతప్రెస్
ఆ కేబుల్ నా దగ్గర ఒకటి ఉంది శ్రీను గారు. ఆదివారం ఏలూరు రోడ్డు వైపు వస్తే ఇస్తాను. వచ్చేటప్పుడు జిస్ట్ కార్డు తెస్తారా? దాని ఫ్లాపీలు మా అటక మీద ఉండాలి, వెతికి ఉంచుతాను.

అరండల్‌పేట_శ్రీను
తప్పకుండా తెస్తానండీ. పదింటికల్లా బెజవాడలో ఉంటాను.